కుందేళ్ళు నేర్పిన కాలజ్ఞానం: పక్షవాతపు మందు వెనుక కథ

నేను వైద్యుడిగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకువచ్చేసరికి సాధారణంగా రెండు మూడు రోజులు గడిచిపోయి ఉండేవి. పడిపోయిన చేతిమీద, కాలిమీద ఎండిన నెత్తుటి మరకలు కనిపించేవి. అది రోగి రక్తం కాదు. పావురాన్ని కోసి, వెచ్చని రక్తంతో మర్దన చేస్తే చచ్చుబడ్డ అవయవం తిరిగి కదులుతుందన్న నమ్మకం పల్లెలలో బలంగా ఉండేది. కొన్నిచోట్ల నేటికీ ఉన్నది. ఆ మరకలను చూసి నేను లోలోపల విసుక్కొనేవాడిని. కానీ నిజం చెప్పాలంటే, ఆనాడు నా చేతిలో మాత్రం ఏమున్నది? రక్తపోటు చూడటం, పుండ్లు పడకుండా పక్కమీద అటూ ఇటూ తిప్పించడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పంపడం, బంధువులకు ధైర్యం చెప్పడం. మెదడులోని రక్తనాళానికి అడ్డుపడిన గడ్డను తొలగించే మార్గం మా పాఠ్యగ్రంథాలలో లేదు.

తరువాతి కాలంలో ఆ మార్గం దొరికింది. దానికి దారి చూపినవి ఎక్కువగా కుందేళ్ళు. వాటితోపాటు కుక్కలు, కోతులు, ఎలుకలు, పందులు. వైద్యశాస్త్రం జంతువులను ఏమడిగింది, అవి ఏమి చెప్పాయి, ఎక్కడ మనం వాటి మాటను తప్పుగా విన్నాము అన్నదే ఈ వ్యాసం. పావురం రక్తానికీ కుందేలు రక్తానికీ తేడా ఏమిటన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబున్నది.

గడ్డ ప్రయాణిస్తుందని తెలిసిన రోజు

మెదడుకు వచ్చే ఆఘాతం రెండు విధాలు. రక్తనాళం పూడిపోవడం ఒకటి, చిట్లిపోవడం రెండవది. ఎక్కువమందిలో కనిపించేది మొదటిదే. గడ్డ అక్కడే, ఆ నాళంలోనే పుట్టవచ్చు. లేదా గుండెలోనో మెడలోని ధమనిలోనో పుట్టి, రక్తప్రవాహంలో కొట్టుకొనివచ్చి మెదడులో ఇరుక్కోవచ్చు.

గడ్డ ఇట్లా ప్రయాణిస్తుందని నిరూపించినవాడు జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో. 1840ల మధ్యకాలంలో ఆయన కుక్కల మెడసిరలలో రక్తపు గడ్డలను, రబ్బరు ముక్కలను ప్రవేశపెట్టి, అవి ఊపిరితిత్తుల ధమనులలో తేలడం చూపించాడు. నేడు వైద్యులు వాడే థ్రాంబోసిస్, ఎంబాలిజం అన్న మాటలను వాడుకలోకి తెచ్చినదీ ఆయనే.

మెదడు విషయంలో ఈ ప్రశ్నను సూటిగా అడిగినది మరో శతాబ్దం తరువాత. 1955లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు కుక్క రక్తాన్నే గడ్డకట్టించి, దానిని మెడలోని కెరోటిడ్ ధమని ద్వారా మెదడులోకి పంపి, మెదడు కణజాలం చనిపోవడాన్ని గమనించారు. మనిషిలో ప్రకృతి చేసే హానిని ప్రయోగశాలలో మళ్ళీ కల్పించి, దానిమీద చికిత్సను పరీక్షించవచ్చునన్న ఆలోచన ఇక్కడ రూపుదిద్దుకొన్నది.

తొందరపడిన చికిత్స

గడ్డను కరిగించే పదార్థాలు అప్పటికే ఉన్నాయి. 1933లో విలియం టిల్లెట్ అనే వైద్యుడు, గొంతునొప్పిని కలిగించే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు మనిషి రక్తపు గడ్డను కరిగించే పదార్థాన్ని విడుదల చేస్తాయని గుర్తించాడు. తరువాత దానికి స్ట్రెప్టోకైనేజ్ అన్న పేరు వచ్చింది. మందు చేతికందగానే వైద్యులు దానిని పక్షవాత రోగులకు వాడటం మొదలుపెట్టారు. 1960ల తొలి సంవత్సరాలలో జాన్ స్టర్లింగ్ మేయర్ బృందం అమెరికాలో స్ట్రెప్టోకైనేజ్‌ను పరీక్షించింది. మందు ఇచ్చినవారిలో మరణాలు తగ్గలేదు సరికదా, ఎక్కువైనాయి.

ఆనాటికి సీటీ స్కాన్ పుట్టలేదు. వచ్చిన రోగి మెదడులో ఉన్నది గడ్డా, రక్తస్రావమా అని బతికి ఉండగా తేల్చిచెప్పే సాధనం లేదు. రక్తస్రావమైన మనిషికి గడ్డ కరిగించే మందు ఇస్తే మంటలో నెయ్యి పోసినట్టే. అంతకంటె ముఖ్యమైన మరో లోపం ఉన్నది. మెదడు ఎంతసేపు తట్టుకొంటుందో ఎవరికీ తెలియదు. రోగి చేరిన గంటలో ఇచ్చినా, మరునాడు ఇచ్చినా ఒకటే అనుకొన్నారు. ఆ పరాజయం తరువాత దాదాపు ఇరవై ఏళ్ళపాటు, పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ప్రమాదకరమన్న మాటే వైద్యలోకంలో నిలిచిపోయింది.

కోతులు చూపిన ఉపచ్ఛాయ

మెదడు ఎంతసేపు తట్టుకొంటుందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవి కోతులు. 1970లలో లండన్‌లో లిండ్సే సైమన్ బృందం బబూన్ కోతుల మెదడులో ఒక ముఖ్యధమనిని మూసి, రక్తప్రసారం తగ్గుతున్నకొద్దీ ఏమవుతుందో కొలిచింది. రక్తం ఒక మట్టానికి పడిపోగానే మెదడు కణాలు విద్యుత్ సంకేతాలు ఇవ్వడం మానేశాయి. కానీ చనిపోలేదు. ఇంకా చాలా తక్కువ మట్టానికి పడిపోయినప్పుడే కణంలోని పొటాషియం బయటికి కారిపోయి, కణం మరణానికి చేరువైనది.

ఈ రెండు మట్టాల నడుమనున్న కణజాలం పని మానేసింది, కానీ బతికే ఉన్నది. గ్రహణం రోజున పూర్తి చీకటి చుట్టూ ఉండే మసక నీడను ఉపచ్ఛాయ అంటాము కదా; మెదడులోని ఆ ప్రాంతానికీ శాస్త్రజ్ఞులు ఆ పేరే పెట్టారు. గ్రహణం విడిస్తే ఉపచ్ఛాయ తొలగినట్టు, రక్తం తిరిగి పారితే ఆ ప్రాంతం కోలుకొంటుంది. విడవకపోతే చీకటిలో కలిసిపోతుంది.

1981లో అమెరికాలో మేల్కొని ఉన్న కోతులలో చేసిన ప్రయోగాలు దీనికి అంకెలు జోడించాయి. ఆరోగ్యవంతమైన మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 23కు తగ్గితే అవయవం చచ్చుబడుతుంది. రక్తం తిరిగి వస్తే తేరుకొంటుంది. 10, 12కు తగ్గి, రెండు మూడు గంటలు అట్లాగే ఉంటే కణజాలం శాశ్వతంగా పోతుంది. పక్షవాతం అన్నది పిడుగుపాటు వంటి ఒక్క క్షణపు సంఘటన కాదనీ, గంటల తరబడి సాగే నష్టమనీ, నడుమ అడ్డుకోవచ్చుననీ తెలిసింది. మా తరం వైద్యుల ఆలోచనను మలుపు తిప్పిన విషయమిది.

జంతువును ఎంచుకోవడంలో చిక్కు

ఇక మందును పరీక్షించాలి. ఏ జంతువులో? ఇది చిన్న ప్రశ్న కాదు. జెర్బిల్ అనే ఎడారి ఎలుకలో మెదడు ముందు, వెనుక భాగాలను కలిపే నాళాలు సాధారణంగా ఉండవు. మెడలో ఒక ధమనిని మూస్తే చాలు, ఆ వైపు మెదడు దెబ్బతినవచ్చు. ప్రయోగానికి సులభమే, కానీ మనిషి మెదడు అట్లా ఉండదు. పందులు, గొర్రెలలో మెదడుకు వెళ్ళే దారిలో సన్నని నాళాల వల ఒకటుంటుంది. గడ్డ అయినా, గొట్టమైనా దానిని దాటి పోలేదు.

ప్రయోగశాలలలో ఎక్కువగా వాడే ఎలుకలో, 1980ల నుండి ఒక పద్ధతి స్థిరపడింది. మెడలోని ధమని గుండా నైలాన్ దారాన్ని పైకి పంపి, మెదడు ధమనిని కావలసినంతసేపు మూసి, తిరిగి దారాన్ని లాగివేయడం. కచ్చితమైన పద్ధతే. కానీ దారాన్ని ఏ మందూ కరిగించలేదు. గడ్డను కరిగించే మందును పరీక్షించాలంటే అడ్డుపడేది గడ్డే కావాలి. ఎలుకలో గడ్డతోనే ఆఘాతం కలిగించే పద్ధతులూ వచ్చాయి గాని, మనిషికి పనిచేసే మందు ఎలుక గడ్డమీద బలహీనంగా పనిచేస్తుంది. అందుకే మనిషికి కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు చాలినచోట, ఎలుకకు సాధారణంగా 10 మిల్లీగ్రాములు వాడుతారు.

కుందేలు వంతు

ఈలోగా కొత్త మందు ఒకటి సిద్ధమైంది. మన రక్తనాళాల గోడలే గడ్డను కరిగించే పదార్థాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తాయి. దాని పేరు టిష్యూ ప్లాస్మినోజెన్ యాక్టివేటర్, క్లుప్తంగా టీపీఏ. బెల్జియంలోని ల్యూవెన్‌లో డెజిరే కోలెన్ బృందం దానిని ఒక చర్మపు క్యాన్సర్ కణాల నుండి వేరుచేసింది. 1983లో అమెరికాలోని జెనెంటెక్ సంస్థ శాస్త్రజ్ఞులు దాని జన్యువును గుర్తించి, కావలసినంత తయారుచేసే దారి కనుగొన్నారని ప్రకటించారు. గుండెపోటుకు వాడాలన్నది అందరి ఆలోచన.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జస్టిన్ జివిన్ అనే నాడీవైద్యుడు మాత్రం మెదడును గురించి ఆలోచించాడు. ఆయన ప్రయోగం ఇట్లా సాగింది. ఒక కుందేలు రక్తాన్ని గడ్డకట్టించి, సన్నని కణికలుగా చేసి, మరో కుందేలు మెడలోని కెరోటిడ్ ధమనిలో అమర్చిన గొట్టం ద్వారా లోపలికి పంపేవారు. కొన్ని కుందేళ్ళకు వెంటనే టీపీఏ ఇచ్చేవారు, కొన్నింటికి ఇచ్చేవారు కాదు.

ఇందులో అసలు తెలివి లెక్కకట్టే పద్ధతిలో ఉన్నది. ఒకే మోతాదు గడ్డ ఇచ్చినా ఒక కుందేలు కులాసాగా తిరుగుతుంది, మరొకటి పడిపోతుంది. కణిక ఎక్కడ ఇరుక్కొన్నదన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. ఈ అనిశ్చితిని దాచిపెట్టకుండా జివిన్ దానినే ఉపయోగించుకొన్నాడు. ఒక్కొక్క కుందేలుకు ఒక్కొక్క పరిమాణంలో గడ్డలు ఇచ్చి, అది మామూలుగా ఉన్నదా, లేదా అని మాత్రమే నమోదు చేశాడు. ఎంత గడ్డ చేరితే సగం కుందేళ్ళు దెబ్బతింటాయో ఆ కొలతను పట్టుకొన్నాడు. ఎంత బరువు వేస్తే బండి ఇరుసు విరుగుతుందో చూసి, ఇరుసుకు ఇనుపపట్టీ వేశాక మరెంత బరువు మోస్తుందో చూడటం వంటిదే ఇది. టీపీఏ ఇచ్చిన కుందేళ్ళు ఎక్కువ గడ్డను తట్టుకొన్నాయి. మందువల్ల రక్తస్రావం పెరిగినట్టు కనబడలేదు. 1985 డిసెంబరులో సైన్స్ పత్రికలో ఈ ఫలితం అచ్చయింది.

తరువాతి ప్రయోగాలలో మందు ఇచ్చే సమయాన్ని వెనక్కి జరుపుతూ పోయారు. గంటలోపల ఇస్తే మేలు కనిపించింది. ఆలస్యమైనకొద్దీ ఆ మేలు కరిగిపోయింది. మందు పనిచేస్తుందన్న కబురుకంటె, ఎప్పటిదాకా పనిచేస్తుందన్న ఈ కబురే విలువైనదని నేననుకొంటాను. మన పెద్దలు కాలజ్ఞానమంటే జరగబోయేది చెప్పడమనుకొన్నారు. ఇక్కడ కుందేలు చెప్పినది కేవలం కాలం విలువ.

వినని హెచ్చరిక, విన్న హెచ్చరిక

1990లో పాట్రిక్ లైడెన్, జివిన్ తదితరులు కుందేళ్ళలో టీపీఏనూ, పాత స్ట్రెప్టోకైనేజ్‌నూ పోల్చిచూశారు. స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినవాటిలో మెదడు రక్తస్రావాలు గణనీయంగా పెరిగాయి. టీపీఏ ఇచ్చినవాటిలో అట్లా పెరగలేదు. స్ట్రెప్టోకైనేజ్ ప్రభావం జంతుజాతినిబట్టి మారుతుంది కాబట్టి ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మనిషికి అన్వయించలేము. అయినా అది ఒక హెచ్చరికే.

స్ట్రెప్టోకైనేజ్ చౌక. గుండెపోటులో ప్రాణాలు కాపాడుతుందని 1986లో ఇటలీ వైద్యులు నిరూపించారు. మన దేశంలోనూ ఎందరో హృద్రోగులకు నేను, నా తోటివారు దానిని వాడాము. గుండెకు పనికివచ్చినది మెదడుకు ఎందుకు పనికిరాదన్న ఆశ సహజమే. ఇటలీలో, ఐరోపాలో, ఆస్ట్రేలియాలో మూడు పెద్ద పరీక్షలు జరిగాయి. రెండింటిలో ఆరు గంటలదాకా, ఒకదానిలో నాలుగు గంటలదాకా రోగులను చేర్చుకొన్నారు. మూడింటినీ మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. మెదడులో రక్తస్రావాలు, తొలిరోజులలో మరణాలు ఎక్కువైనాయి.

అమెరికాలో టీపీఏ పరీక్షకు పూనుకొన్నవారు మాత్రం గడియారాన్ని నమ్మారు. తొలి చిన్న పరీక్షలో 90 నిమిషాలలోపు వచ్చినవారికే మందు ఇచ్చి, మోతాదును మెట్టు మెట్టుగా పెంచుతూ, రక్తస్రావం ఎక్కడ పెరుగుతున్నదో చూశారు. దానిని బట్టి కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మిల్లీగ్రాములకు మించకుండా అన్న మోతాదు ఖాయమైనది. తరువాతి పెద్ద పరీక్షను అమెరికా జాతీయ నాడీవ్యాధుల సంస్థ నిర్వహించింది. 624 మంది రోగులు. అందరికీ మూడు గంటలలోపు, దాదాపు సగంమందికి 90 నిమిషాలలోపు చికిత్స. ముందుగా సీటీ స్కాన్ తప్పనిసరి.

1995 డిసెంబరులో ఫలితం వెలువడింది. పరీక్ష రెండవ భాగంలో, మూడు నెలల తరువాత దాదాపు ఏ వైకల్యమూ లేకుండా ఉన్నవారు మందు తీసుకొన్నవారిలో నూటికి 39 మంది, ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో 26 మంది. ఈ మేలుకు మూల్యమూ ఉన్నది. మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం మందు తీసుకొన్నవారిలో 6.4 శాతం, తీసుకోనివారిలో 0.6 శాతం. కుందేళ్ళలో కనిపించని రక్తస్రావం మనుషులలో కనిపించింది. ఈ నిజాన్ని దాచకుండా చెప్పి, అయినా మొత్తంమీద మేలే ఎక్కువని తేల్చారు. 1996 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది. 2008లో ఐరోపా పరీక్ష ఒకటి ఆ వ్యవధిని నాలుగున్నర గంటలకు పొడిగించింది.

వెయ్యిన్ని ఇరవైఆరు ఆశలు

కథ ఇక్కడే ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. గడ్డను కరిగించడం ఒక మార్గం. రక్తం అందకపోయినా మెదడు కణాలు చనిపోకుండా కాపాడే మందు మరో మార్గం. రెండవదానికోసం ప్రపంచమంతటా అన్వేషణ సాగింది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కతీస్తే, అప్పటికి పరిశోధనకు వచ్చిన చికిత్సలు 1,026. అందులో 114 మనుషులదాకా వచ్చాయి. జంతువులలో అద్భుతంగా కనిపించినవెన్నో మనుషులలో విఫలమైనాయి.

వీటిలో ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు కథ గుర్తుంచుకోదగినది. ఎలుకలలో, మార్మొసెట్ కోతులలో అది మెదడును కాపాడినట్టు కనిపించింది. మొదటి పెద్ద మానవ పరీక్షలోనూ కొంత ఆశ కల్పించింది. సుమారు 3,300 మందితో జరిగిన రెండవ పరీక్షలో ఏ మేలూ కనబడలేదు.

తప్పు ఎక్కడ జరిగింది? పాత ప్రయోగాలను తిరిగి పరిశీలించినవారికి కొన్ని సంగతులు తేటతెల్లమైనాయి. ప్రయోగాలలో వాడినవి చాలావరకు పడుచు వయసులో ఉన్న, ఆరోగ్యవంతమైన మగ ఎలుకలు. మన రోగులు రక్తపోటు, మధుమేహం ఉన్న వయోవృద్ధులు. ఎలుకలకు మందు నిమిషాలలో ఇచ్చారు; మనుషులకు గంటల తరువాత. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, తెల్లపదార్థం తక్కువ. మన మెదడు ముడుతలతో, ఎక్కువ తెల్లపదార్థంతో ఉంటుంది. అన్నింటికంటె విచారకరమైనది మరొకటి. ఏ ఎలుకకు మందు ఇవ్వాలో చీట్లు తీసినట్టు నిష్పాక్షికంగా ఎంపిక చేయకపోవడం, ఫలితం చూసేవారికి ఏది ఏ జట్టుదో ముందే తెలిసి ఉండటం. ఇట్లాంటి ప్రయోగాలలో మందు ఉన్నదానికంటె గొప్పగా కనిపించింది. జంతువు అబద్ధం చెప్పలేదు. చూసే కన్ను తాను కోరుకొన్నదే చూసింది.

మరమ్మతు

1999లోనే కొందరు శాస్త్రజ్ఞులు, పరిశ్రమ ప్రతినిధులు కూర్చొని, మనుషులదాకా వచ్చేముందు మందును జంతువులలో ఎట్లా పరీక్షించాలో నియమాలు రాసుకొన్నారు. ఇటీవల అమెరికాలో ఆరు చికిత్సలను ఒకేసారి అనేక ప్రయోగశాలలలో, గుప్తంగా, చీటీల ఎంపికతో, ముసలి ఎలుకలనూ రక్తపోటు ఉన్న ఎలుకలనూ చేర్చి పరీక్షించారు. 2023లో ప్రచురితమైన ఆ కృషికి నాయకుడు, 1990లో కుందేళ్ళమీద స్ట్రెప్టోకైనేజ్‌ను పరీక్షించిన లైడెనే. అయితే ఇక్కడ వాడినది దారపు పద్ధతి, రక్తపు గడ్డ కాదు. ఏ నమూనా అయినా తానడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుందన్న సంగతి మరువరాదు.

మరోవైపు, తొడ ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి గడ్డను లాగివేసే పద్ధతి వచ్చింది. 2006లో స్విట్జర్లండ్‌లోని బెర్న్ వైద్యులు ఇందుకు పందులను ఎంచుకొన్నారు. మెదడులోకి దారి లేకపోయినా, పంది మెడ, ముఖం ధమనులు మనిషి మెదడు ధమనులంత వెడల్పుగా ఉంటాయి. వాటిలో గడ్డను ఉంచి, లాగే సాధనాలను పరీక్షించారు. 2015లో వెలువడిన ఐదు పరీక్షలు ఈ పద్ధతి మేలును స్థిరపరిచాయి. 2018 నాటికి, స్కాన్‌లో ఉపచ్ఛాయ ఇంకా మిగిలి ఉన్నదని తేలిన కొందరికి 24 గంటలదాకా కూడా గడ్డను తీయవచ్చునని తేలింది. లండన్ బబూన్ కోతులు చెప్పిన మాట నలభై ఏళ్ళ తరువాత మనిషికి ఉపయోగపడింది.

ఋణం

ఈ జ్ఞానానికి ప్రాణులు మూల్యం చెల్లించాయి. దానిని తేలికగా తీసుకొనే హక్కు మనకు లేదు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ప్రయోగాలలో అనవసరమైన బాధ కలిగించరాదని, పర్యవేక్షణ ఉండాలని నిర్దేశిస్తున్నది. నా మట్టుకు నాకు, సరిగా రూపొందించని ప్రయోగమే అన్నింటికంటె పెద్ద హింస అనిపిస్తుంది. అందులో ప్రాణమూ పోతుంది, జవాబూ దొరకదు. పావురం రక్తానికీ కుందేలు రక్తానికీ తేడా కూడా ఇదే. పావురాన్ని కోసినవారు పోల్చిచూడలేదు. పూయనివారు ఎందరు కోలుకొన్నారని లెక్కపెట్టలేదు. కుందేలు విషయంలో లెక్కపెట్టారు. లెక్క తప్పినచోట, ఎన్‌ఎక్స్‌వై-059 విషయంలోవలె, ఆధునిక ప్రయోగశాల కూడా పావురం కోసినవారి సరసనే నిలబడింది.

ఆ ఋణం కొంతైనా తీర్చుకొనే దారి పాఠకుల చేతిలోనే ఉన్నది. ముఖం ఒకవైపు వంకరపోయినా, చేయి పైకెత్తితే వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, అది పక్షవాతమేనని భావించండి. మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడో ఆ సమయాన్ని కాగితంమీద రాయండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అదే. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకువెళ్ళండి. నోట్లో నీళ్ళుగాని, పసరుగాని, మాత్రగాని వేయవద్దు. స్కాన్ చేయకముందు ఆస్పిరిన్ కూడా వద్దు. కాసేపట్లో తగ్గిపోయినా ఆగకండి, అది రాబోయే పెద్ద ఆఘాతానికి సూచన కావచ్చు. ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు ఇవ్వమంటారా అని అడిగినప్పుడు, దాని మేలూ ప్రమాదమూ రెండూ తెలుసుకొని, త్వరగా నిర్ణయం చెప్పండి. పెద్దన్నయ్య ఊరినుంచి వచ్చాక చూద్దామనుకొంటే ఆ వ్యవధి కాస్తా దాటిపోతుంది.

నా తొలి ఉద్యోగపు రోజులలో, మూడవనాడు వచ్చిన ఆ రోగులను చూసి, ఆలస్యం చేశారని బంధువులను మందలించేవాడిని. అప్పుడు వారు తొలి గంటలోనే వచ్చినా నేను చేయగలిగినది ఏమీ లేదు. ఇప్పుడు ఉన్నది. కానీ మన ఊళ్ళలో చాలామంది ఇంకా మూడవనాడే వస్తున్నారు.